గా తగిలించగానే అడ్వర్బ్ అయిపోదు!

ఈ నెల శీర్షిక మొత్తం ఇంగ్లీషు అడ్వర్బుల మీదే, అంటే పని ఎలా, ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చెప్పే క్రియావిశేషణాల మీదే నడుస్తుంది, ఎందుకంటే నా దగ్గర పేరుకుపోయిన ఉత్తరాలు, మెసేజ్‌లు తిరగేస్తే ఎక్కువమంది గోల వాటి గురించే. కొన్ని ప్రశ్నలు ఒకేలా ఉంటే కలిపేశాను. పేర్లు వేయొద్దన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి ఎవరి పేర్లూ వేయట్లేదు.

ప్రశ్న: మేడమ్, మా బాబు ఏడో తరగతి. 'హి రన్స్ ఫాస్ట్‌లీ' అని రాస్తే టీచర్ లీ కొట్టేసి ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. స్లోకి స్లోలీ ఉన్నప్పుడు ఫాస్ట్‌కి ఫాస్ట్‌లీ ఎందుకు ఉండదమ్మా అని వాడు నన్ను పీక్కు తింటున్నాడు. నాకూ తెలీదు. (ఒక అమ్మ, ఖమ్మం)

జవాబు: వాడు అడిగింది న్యాయమైన ప్రశ్నేనండి, వాణ్ణి తిట్టకండి. తప్పు ఎక్కడినుంచి వస్తోందో చూడండి ముందు. మనం రోజంతా ఏ ఇంగ్లీషు మాట దొరికితే దాని తోకకి ఒక 'గా' తగిలించి వాడేస్తాం కదా, ఫాస్ట్‌గా నడువు, స్లోగా చెప్పు, క్లియర్‌గా రాయి, టైట్‌గా కట్టు, లేట్‌గా వచ్చాడు, ఫ్రీగా ఉన్నావా. మన 'గా' ఎవర్నీ కాదనదు. దాంతో పిల్లల బుర్రలో 'గా' అంటే 'లీ' అని ఒక లెక్క పడిపోతుంది. ఇంగ్లీషు 'లీ' మాత్రం అందరి ఇంటికీ పోదు.

దీనికో పాత కథ ఉంది. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో విశేషణం (అడ్జెక్టివ్) చివర ఒక చిన్న 'ఎ' అచ్చు పెడితే చాలు, క్రియావిశేషణం అయిపోయేది. హార్డ్, ఫాస్ట్ లాంటి మాటలు అలా తయారైనవే. తర్వాత జనం నోళ్ళలో పడి ఆ చివరి అచ్చు అరిగి రాలిపోయింది, దాంతో విశేషణం, క్రియావిశేషణం రెండూ ఒకే ముఖంతో మిగిలాయి. 'ఎ ఫాస్ట్ ట్రెయిన్', 'ద ట్రెయిన్ రన్స్ ఫాస్ట్'. లీ అనేది ఇంకో దారిలో వచ్చింది, దాని మూలం 'రూపం, ఒళ్ళు' అనే అర్థం ఉన్న పాత మాట, ఇప్పుడు మనం వాడే 'లైక్' దానికి చుట్టమే. అది చాలా మాటలకి అంటుకుంది కానీ ఫాస్ట్ దగ్గర మాత్రం ఇవాళ్టి వాడుకలో నిలవలేదు. ఇంకో తమాషా ఏంటంటే ఫాస్ట్‌కి మొదట్లో అర్థం వేగం కాదు, గట్టిగా, కదలకుండా అని. 'ఫాస్ట్ అస్లీప్' అంటే గాఢ నిద్ర అని అర్థం రావడం అందుకే, లేకపోతే నిద్రలో వేగం ఏంటి చెప్పండి.

అటు తిప్పి చూస్తే లీ ఉన్నా అడ్వర్బ్ కానివీ ఉన్నాయి: ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, సిల్లీ. ఇవి విశేషణాలు. స్నేహంగా మాట్లాడాడు అనడానికి 'ఫ్రెండ్లీలీ' అని మీ వాడు కనిపెట్టేలోపు చెప్పేయండి, 'హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అనాలని.

ప్రశ్న: మరి హైవే మీద 'గో స్లో' అని బోర్డులు పెడతారు కదా, 'గో స్లోలీ' అని ఉండాలి కదా, ప్రభుత్వమే తప్పు రాస్తే ఎలా? (ఒక లారీ ఓనర్, సూర్యాపేట)

జవాబు: ప్రభుత్వం తప్పులు చాలానే ఉంటాయి గానీ ఇది ఆ లెక్కలోకి రాదండి. స్లో అనే మాట క్రియావిశేషణంగా కూడా ఎప్పటినుంచో వాడుకలో ఉంది, డిక్షనరీలు రెండు రకాలుగానూ ఇస్తాయి. గో, డ్రైవ్ లాంటి క్రియల తర్వాత వస్తే ఎవరూ తప్పు పట్టరు. కాకపోతే క్రియకి ముందు పెట్టాల్సి వస్తే స్లోలీ తప్పదు, 'హి స్లోలీ ఓపెన్డ్ ద డోర్'. యాపిల్ కంపెనీ 1997లో 'థింక్ డిఫరెంట్' అని ప్రచారం మొదలెట్టినప్పుడు డిఫరెంట్‌లీ కదా ఉండాల్సింది అని గ్రామర్ పట్టింపు ఉన్నవాళ్ళు గట్టిగానే గొణిగారు. అయినా ఆ రెండు మాటలే నిలబడ్డాయి.

ప్రశ్న: మేడమ్, మా కజిన్ పెళ్ళి ఫొటో కింద 'యు ఆర్ లుకింగ్ వెరీ బ్యూటిఫుల్లీ' అని కామెంట్ పెట్టాను. మా బావ అందరిముందూ నవ్వాడు. అందంగా అంటే బ్యూటిఫుల్లీ కాదా? (ఇంజినీరింగ్ స్టూడెంట్, భీమవరం)

జవాబు: నవ్వనీలే అమ్మా, మీ బావ తెలుగులో ఎన్ని తప్పులు రాస్తాడో మనం లెక్కపెడదాం తర్వాత. కానీ ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే తెలుగువాళ్ళం తరచూ పడే గుంట ఇది.

రెండు వాక్యాలు చూడు. 'ఆమె అందంగా పాడింది', 'ఆమె అందంగా ఉంది'. మనకి రెండిట్లోనూ అందంగా అనే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు. ఇంగ్లీషులో మాత్రం దారులు విడిపోతాయి. పాడింది అనేది పని, ఆ పని ఎలా జరిగిందో చెప్తున్నాం, కాబట్టి 'షి శాంగ్ బ్యూటిఫుల్లీ'. ఉంది అనేది పని కాదు, ఆ మనిషి గురించే చెప్తున్నాం, కాబట్టి విశేషణమే పెట్టాలి, 'షి ఈజ్ బ్యూటిఫుల్', 'షి ఈజ్ లుకింగ్ బ్యూటిఫుల్'. మన తెలుగులో 'ఉంది' ముందు విశేషణం ఊరికే నిలబడదు, గా ఊతం కావాలి. పొడుగ్గా ఉంది, తియ్యగా ఉంది, బాధగా ఉంది, వేడిగా ఉంది. ఇంగ్లీషుకి ఆ ఊతం అక్కర్లేదు.

కాబట్టి నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, తెలుగులో అనుకున్నప్పుడు గా తర్వాత 'ఉంది', 'అనిపించింది', 'కనిపించింది', 'అయింది' ఇలాంటివి వస్తే లీ జోలికి పోకు. కూర రుచిగా ఉంది, 'ద కర్రీ టేస్ట్స్ గుడ్'. నాకు బాధగా అనిపించింది, 'ఐ ఫెల్ట్ బ్యాడ్'. మల్లెపూలు కమ్మగా వాసనొస్తున్నాయి, 'ద జాస్మిన్స్ స్మెల్ స్వీట్', ఇక్కడ స్వీట్‌లీ అంటే ఆ పూలకి ముక్కు ఉండి అవే తియ్యగా వాసన చూస్తున్నట్టు ఉంటుంది.

అసలు మజా లుక్ అనే మాటలో ఉంది. 'షి లుక్డ్ యాంగ్రీ' అంటే కోపంగా కనిపించింది. 'షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మి' అంటే కోపంగా నా వంక చూసింది. అదే లుక్, ఒకసారి కనిపించడం, ఒకసారి చూడటం. కనిపిస్తే యాంగ్రీ, చూస్తే యాంగ్రిలీ. మీ కజిన్ ఫొటోలో కనిపిస్తోంది కాబట్టి బ్యూటిఫుల్. అంతే.

ఇంకో గా కూడా ఉంది మనకి, 'టీచర్‌గా చేస్తున్నా', 'అన్నగా చెప్తున్నా' అనేది. ఇది లీ కాదు, ఉత్త విశేషణమూ కాదు, 'యాజ్'. 'ఐ వర్క్ యాజ్ ఎ టీచర్'. ఈ గా అసలు 'అవు' అనే క్రియలోంచి పుట్టింది, అంటే ఏదో ఒకటి అయి ఉండటం, అందుకే ఇన్ని పన్లు దానికి.

ప్రశ్న: డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. అడ్వర్బులు ఒక పుస్తకంలో 5 రకాలు, ఇంకోదాంట్లో 8, కోచింగ్ మెటీరియల్‌లో 10 అని ఉంది. ఏది కరెక్ట్ మేడమ్? ఎగ్జామ్‌లో ఏది పెట్టాలి? (ఒక అభ్యర్థి, కర్నూలు)

జవాబు: అన్నీ కరెక్టేనండి. ఒకే చీరలు ఒకరు రంగు ప్రకారం మడతపెడితే ఇంకొకరు నేత ప్రకారం పెడతారు, అలాంటిదే ఇది. మన స్కూళ్ళలో ఎక్కువగా నడిచే పద్ధతిలో ముందు మూడు వాటాలు చేస్తారు: సింపుల్, ఇంటరాగేటివ్ (ప్రశ్న అడిగేవి), రిలేటివ్ (ముందున్న నామవాచకానికి ఇంకో వాక్యాన్ని కలిపేవి). సింపుల్‌లో మళ్ళీ మ్యానర్, ప్లేస్, టైమ్, ఫ్రీక్వెన్సీ, డిగ్రీ, అవును కాదు చెప్పేవి, కారణం చెప్పేవి. వీటిని ఎవరెలా కలిపితే వాళ్ళకా లెక్క వస్తుంది. పరీక్షలో 'ఎన్ని రకాలు' అని అడగడం తక్కువ, వాక్యం ఇచ్చి గీత గీసిన మాట ఏ రకమో చెప్పమంటారు, అందుకని ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకోండి. 'మా పెద్దమ్మ రోజూ సాయంత్రం గుడి దగ్గర చాలా నెమ్మదిగా నడుస్తుంది' అనుకోండి. ఎలా నడుస్తుంది, నెమ్మదిగా, మ్యానర్. ఎక్కడ, ప్లేస్. ఎప్పుడు, టైమ్. ఎన్నిసార్లు, రోజూ, ఫ్రీక్వెన్సీ. ఎంత నెమ్మదిగా, చాలా, అది డిగ్రీ. డిగ్రీ ఒక్కటే కొంచెం వేరు, అది క్రియనే కాకుండా పక్కనున్న ఇంకో అడ్వర్బ్‌నో విశేషణాన్నో కూడా పట్టుకుంటుంది, ఇక్కడ 'నెమ్మదిగా'ని పట్టుకున్నట్టు.

డిగ్రీలో వెరీ, టూ కలిపి తిప్పలు పెడతారు. చాలా అంటే వెరీ, మరీ అంటే టూ అని పెట్టుకోండి. టీ చాలా వేడిగా ఉంది, తాగొచ్చు. టీ మరీ వేడిగా ఉంది, నోరు కాలుద్ది. 'టూ హాట్ టు డ్రింక్'. ఇనఫ్ మాత్రం విశేషణానికి వెనక కూర్చుంటుంది, 'హాట్ ఇనఫ్'.

'వేర్' లాంటి మాట చూసి ఇంటరాగేటివ్ అని టిక్ పెట్టేయకండి. 'వేర్ డు యు లివ్' అంటే ప్రశ్న. 'దిస్ ఈజ్ ద హౌస్ వేర్ ఐ వాజ్ బార్న్' అంటే నేను పుట్టిన ఇల్లు, అక్కడ అది రిలేటివ్. మనకైతే 'పుట్టిన' అనే ఒక్క మాటలో పని అయిపోతుంది.

ఇంకోటి, బిట్లలో బాగా అడిగేది, 'గో టు హోమ్'. ఇది తప్పు, 'గో హోమ్' అనాలి. ఇక్కడ హోమ్ నామవాచకం కాదు, ప్లేస్ చెప్పే అడ్వర్బ్. అంటే హోమ్ అనేదాంట్లో 'ఇంటికి' లోని 'కి' ముందే ఉన్నట్టు లెక్క, మళ్ళీ టు పెడితే 'ఇంటికికి' అన్నట్టు. హియర్, దేర్, అబ్రాడ్ కూడా ఇంతే, 'కమ్ హియర్', 'గో అబ్రాడ్'. కానీ 'టు మై హౌస్' అనాలి, అక్కడ హౌస్ నామవాచకం.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాటలు తెలుసు కానీ వాక్యంలో ఏది ఎక్కడ పెట్టాలో తెలీక మెయిల్ రాయడానికి అరగంట పడుతోంది. ఏదైనా చిట్కా? (మాదాపూర్ నుంచి ఒకరు)

జవాబు: ఒక చిట్కా ఉంది, నేను క్లాసులో చెప్తే పిల్లలు ముందు నమ్మరు. తెలుగు వాక్యాన్ని వెనకనుంచి చదవండి. 'కండక్టర్ నిన్న బస్టాండ్‌లో గట్టిగా అరిచాడు'. కర్తని ముందు ఉంచేసి, చివర్నుంచి ఏరుకుంటూ రండి: అరిచాడు, గట్టిగా, బస్టాండ్‌లో, నిన్న. 'ద కండక్టర్ షౌటెడ్ లౌడ్లీ ఎట్ ద బస్ స్టాండ్ యెస్టర్‌డే'. ఎలా, ఎక్కడ, ఎప్పుడు అనే వరస ఇంగ్లీషుది, మనది అద్దంలో చూసినట్టు తలకిందులు. వెళ్ళడం, రావడం లాంటి క్రియలైతే ఎక్కడికి అనేది క్రియని అంటిపెట్టుకునుంటుంది, 'షి వెంట్ హోమ్ క్వయెట్లీ'. ఎప్పుడు అనేదాన్ని కావాలంటే వాక్యం మొదటికి లాగొచ్చు, తప్పు లేదు.

క్రియకి, దాని కర్మకి మధ్యలో మాత్రం దూరకూడదు. 'ఐ స్పీక్ ఫ్లూయెంట్లీ ఇంగ్లిష్' అన్నామంటే మనకి ఫ్లూయెంట్‌గా రాదని అక్కడే తెలిసిపోతుంది. 'ఐ స్పీక్ ఇంగ్లిష్ ఫ్లూయెంట్లీ'.

ఆల్వేస్, ఆఫెన్, నెవర్ లాంటివి నడిమధ్యలో కూర్చునే రకం. మామూలు క్రియకి ముందు, 'హి ఆల్వేస్ కమ్స్ లేట్'. ఈజ్, ఆర్ ఉంటే వాటి తర్వాత, 'హి ఈజ్ ఆల్వేస్ లేట్'. హ్యాజ్, విల్ లాంటివి ఉంటే వాటికీ అసలు క్రియకీ మధ్య, 'హి హ్యాజ్ నెవర్ కమ్ ఆన్ టైమ్'. ఎవరి గురించి రాస్తున్నారో నేను అడగను.

ప్రశ్న: ఇంటర్వ్యూలో 'ఐ విల్ వర్క్ హార్డ్లీ' అన్నాను, ఆవిడ నవ్వి నెక్స్ట్ అన్నారు. (విజయవాడ)

జవాబు: అయ్యో. హార్డ్ అంటే కష్టపడి, హార్డ్లీ అంటే దాదాపు అసలే కాదు. మీరు 'పన్జేయడం అంటూ పెద్దగా ఉండదండి' అని ముందే నిజాయితీగా చెప్పేసినట్టయింది. లేట్ ఆలస్యం, లేట్లీ ఈమధ్య. నియర్ దగ్గర, నియర్లీ దాదాపు. హై ఎత్తుగా, హైలీ చాలా. హార్డ్లీలో కాదు అనేది ముందే ఉంది కాబట్టి దాని పక్కన మళ్ళీ నాట్ పెట్టకండి.

ప్రశ్న: మేడమ్, ఇరవై ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. నేను 'ఐ టోల్డ్ యు యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్', 'హి ఈజ్ ఎట్ హోమ్ ఓన్లీ' అంటే ఇక్కడే పుట్టిన మా అమ్మాయి పడీ పడీ నవ్వుతుంది. తప్పా ఇవి? (ఒక తెలుగు తల్లి)

జవాబు: అక్కడివాళ్ళకి వింతగా ఉంటుంది గానీ మీరు ఎందుకలా అంటున్నారో మీ అమ్మాయికి చెప్పండి, నవ్వు ఆపుతుందేమో. మనకి మాట చివర దీర్ఘం లాగి 'ఏ' అంటే చాలు, 'నిన్ననే', 'ఇంట్లోనే', 'నువ్వే'. ఇంగ్లీషులో ఆ పనికి గొంతు ఒత్తి పలుకుతారు, 'ఐ టోల్డ్ యు యెస్టర్‌డే' అని యెస్టర్‌డే మీద బరువు వేస్తారంతే. మనకి ఆ బరువు ఉత్త గొంతుతో వేసినట్టు అనిపించదు, ఏదో ఒక మాట పెట్టాలి, అందుకని ఇట్‌సెల్ఫ్, ఓన్లీ తెచ్చి తగిలిస్తాం. దేశంలో అందరం ఇలానే మాట్లాడతాం, ఇక్కడ ఎవరూ నవ్వరు.

ఓన్లీ గురించి ఇంకో మాట. మన 'మాత్రమే' మాట వెనక కూర్చుంటే ఇంగ్లీషు ఓన్లీ మాట ముందు కూర్చుంటుంది, చోటు మారితే అర్థం మారుతుంది. 'ఓన్లీ ఐ ఏట్ టూ ఇడ్లీస్' అంటే రెండిడ్లీలు తిన్నది నేనొక్కదాన్నే, మిగతావాళ్ళు ఏం చేశారో మరి. 'ఐ ఏట్ ఓన్లీ టూ ఇడ్లీస్' అంటే రెండు మాత్రమే, ఇంకో రెండు వెయ్యొచ్చని అర్థం.

ప్రశ్న: ఆఫీసు మెయిల్‌లో 'హోప్‌ఫుల్లీ, ఇట్ విల్ బి డన్ బై ఫ్రైడే' అని రాస్తే మా మేనేజర్ అది తప్పు వాడుక అన్నాడు. (బెంగళూరు)

జవాబు: మీ మేనేజర్ పాత వాదం పట్టుకుని కూర్చున్నారు. ఆయన బాధేంటంటే హోప్‌ఫుల్లీ అంటే 'ఆశగా' అని, పని ఆశగా ఎలా పూర్తవుతుంది అని. కానీ కొన్ని అడ్వర్బులు క్రియని కాకుండా వాక్యం మొత్తాన్ని పట్టుకుంటాయి, చెప్పేవాడి మనసులో మాట చెప్తాయి: ఫార్చునేట్లీ, ఫ్రాంక్లీ, ఆబ్వియస్లీ. వీటిని సెంటెన్స్ అడ్వర్బులు అంటారు. ఫ్రాంక్లీని ఒప్పుకుని హోప్‌ఫుల్లీని గెంటేయడం ఏం న్యాయం? 2012 ఏప్రిల్‌లో ఏపీ స్టైల్‌బుక్ కూడా ఈ వాడుకని ఒప్పేసుకుంది, ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదులెండి, అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్. అయినా జీతం పెంచేది ఆయనే కాబట్టి 'ఐ హోప్' అని రాసి ఊరుకోండి.

ప్రశ్న: స్టిల్, యెట్, ఆల్రెడీ. మూడూ కలిసిపోతున్నాయి. (ఇంటర్ విద్యార్థిని, నిజామాబాద్)

జవాబు: కలిసిపోవడానికి కారణం మన 'ఇంకా' అమ్మా, అది ఒక్కటే అన్ని ఇళ్ళలోనూ కాపురం చేస్తుంది. ఇంకా వాన పడుతోంది అంటే జరుగుతున్నది ఆగలేదు, స్టిల్. ఇంకా రాలేదు అంటే జరగాల్సింది జరగలేదు, 'హి హ్యాజ్ నాట్ కమ్ యెట్'. ఇంకా కావాలి అంటే మోర్, అది వేరే సంగతి. ఆల్రెడీ అంటే మన 'అప్పుడే', కాస్త ఆశ్చర్యంతో అనే అప్పుడే, 'అప్పుడే తినేశావా?'

ఎప్పుడు అనేదాన్ని కూడా చూడు, చివర కొంచెం మార్చితే ఎలా మారిపోతుందో. ఎప్పుడు, వెన్. ఎప్పుడూ లేటే, ఆల్వేస్. ఎప్పుడైనా వెళ్ళావా, ఎవర్. ఎప్పుడో చెప్పాను, లాంగ్ ఎగో. 'ఎప్పుడూ వెళ్ళలేదు' అంటే నెవర్, ఇక్కడే జాగ్రత్త, మన వాక్యంలో 'లేదు' ఉంది కదా అని 'ఐ నెవర్ డిడ్ నాట్ గో' అని రాస్తారు. నెవర్‌లోనే ఆ లేదు ఉంది. 'ఐ హ్యావ్ నెవర్ గాన్ దేర్'.

ప్రశ్న: కథలు ఇంగ్లీషులోకి అనువాదం చేద్దామని కూర్చున్నాను మేడమ్. గబగబా, చకచకా, గుసగుసగా, తడబడుతూ, వీటికి ఇంగ్లీషులో ఏ అడ్వర్బ్ వెయ్యాలి? క్విక్లీ, క్విక్లీ అని రాసి రాసి విసుగొచ్చింది. (రిటైర్డ్ ఉద్యోగి, రాజమండ్రి)

జవాబు: గురువుగారూ, మీరు అడ్వర్బ్ కోసం వెతుకుతున్నారు, అది ఇంగ్లీషులో ఎక్కువసార్లు క్రియలో దాక్కునుంటుంది. మనం క్రియని సాదాగా ఉంచి దాని ముందు జంట మాటతో బొమ్మ గీస్తాం, వాళ్ళు క్రియనే మార్చేస్తారు. గబగబా తిన్నాడు, 'హి గాబుల్డ్ ఇట్ అప్'. గుసగుసగా చెప్పింది, 'షి విస్పర్డ్'. తూలుతూ నడిచాడు, 'హి స్టాగర్డ్'. అడుగులో అడుగేసుకుంటూ చప్పుడు కాకుండా వెళ్ళాడు, 'హి టిప్‌టోడ్'. గొణుక్కుంటూ అన్నాడు, 'హి మంబుల్డ్'. అందుకే మీకు క్విక్లీ చాలట్లేదు.

గట్టిగా కూడా అంతే, అది ఒక్క మాట కాదు మనకి. గట్టిగా పట్టుకో, 'హోల్డ్ టైట్'. గట్టిగా మాట్లాడు, లౌడ్లీ. గట్టిగా వాన పడింది, హెవిలీ. పిల్లాడితో గట్టిగా చదవరా అంటే బయటికి వినపడేలా చదవమనొచ్చు, 'అలౌడ్', పరీక్షలొస్తున్నాయి కష్టపడమనీ అనొచ్చు, 'హార్డ్'. కథలో తల్లి ఏ గదిలోంచి అరుస్తోందో చూసుకుని వేసుకోవాలి. త్వరగా కూడా చూడండి, పొద్దున్నే త్వరగా లేచాడు అంటే ఎర్లీ, క్విక్లీ లేస్తే పాము కనపడ్డట్టు ఉంటుంది.

మీరు పంపిన పేరాలో ఒక వాక్యం నాకు బాగా నచ్చింది, 'ముసలమ్మ చకచకా గిన్నెలు సర్దేసి ఊరికే అలా వాకిట్లో కూర్చుంది' అని. చకచకాకి బ్రిస్క్లీ వేయొచ్చు, పర్లేదు. ఊరికేకి మాత్రం మీరు సింప్లీ అని వేశారు, అది కుదరదు, మనవాళ్ళంతా చేసే పనే అది, 'సింప్లీ ఐ కేమ్' అంటాం చుట్టాలింటికెళ్ళి. 'ఫర్ నో రీజన్' అంటే మరీ కోర్టు కాగితంలా ఉంటుంది. నేనైతే ఆ ఊరికేని వదిలేసి 'అండ్ జస్ట్ సాట్ దేర్ ఇన్ ద ఫ్రంట్ యార్డ్' అని రాసేదాన్ని. జస్ట్ వేసినా ఆ ముసలమ్మ తీరిక సగమే వస్తుంది. మీకింకా మంచిది తడితే వచ్చే నెలకి రాసి పంపండి, వేద్దాం.